మానేరు మీద మూడు పడవలు: ఫైబర్, ప్లైవుడ్, ప్లాస్టిక్

దిగువ మానేరు జలాశయంలో చాలా ఏళ్లుగా చిన్న తెరచాప పడవలు నడుపుతున్నాను. నేనుండేది హనుమకొండలో, పడవలుండేది కరీంనగర్ దగ్గర ఒక రేకుల షెడ్డులో. ఒకటి లేజర్ అనే రకం పాత ఫైబర్ పడవ. ఇంకొకటి హనుమకొండ వడ్రంగితో ప్లైవుడ్‌తో చేయించుకున్న మిర్రర్ అనే రకం పడవ. మూడోది పిల్లలకు నేర్పడానికి కొన్న ప్లాస్టిక్ పడవ. మూడింటినీ ఒకే నీళ్లలో, ఒకే గాలిలో, ఒకే ఎండలో వాడాను. ఇంత వాడాక నాకు అర్థమైంది ఒకటే. కాగితం మీద రాసిన బరువు చూసి పడవను ఎంచుకోకూడదు. నాలుగైదు ఎండాకాలాలు, నాలుగైదు వానాకాలాలు గడిచాక అది కాంటా మీద ఎంత తూగుతుంది, దాని అడుగు ఇంకా ఎంత గట్టిగా ఉంది అన్నవే చివరికి వేగాన్ని నిర్ణయిస్తాయి. ఆ రెండూ దేనితో చేశారన్నదాని మీద ఆధారపడతాయి.

ముందు మా గాలి సంగతి చెప్పాలి, ఎందుకంటే ఈ లెక్కలన్నీ దానితోనే ముడిపడి ఉన్నాయి. శీతాకాలం పొద్దున మానేరు మీద గాలి గంటకు ఏడెనిమిది కిలోమీటర్లు దాటడం అరుదు. ఎండ ఎక్కాక కొంచెం లేస్తుంది, అదీ ఆగి ఆగి వస్తుంది. జూన్‌లో నైరుతి గాలి పట్టుకున్నాకే అసలైన సెయిలింగ్. హైదరాబాద్‌లో హుస్సేన్ సాగర్ మీద లేజర్ పోటీలు జులైలో పెట్టుకునేది కూడా ఆ గాలి కోసమే. లక్నవరం లాంటి చోట చుట్టూ గుట్టలు కాబట్టి గాలి ఎటు నుంచి వస్తుందో పట్టుకోవడం కష్టం. మానేరు వెడల్పుగా, తెరిపిగా ఉంటుంది. అయినా సముద్రం మీదిలాగా గాలి ఏకధారగా రాదు. విసురుగా వచ్చి పది పదిహేను సెకన్లలో పోతుంది.

చాలామంది పట్టించుకోని విషయం ఇంకొకటుంది. మే నెల మధ్యాహ్నం 42 డిగ్రీల వేడిలో గాలి పలుచబడుతుంది. డిసెంబరులో 15 డిగ్రీల చలి పొద్దుతో పోలిస్తే ఎనిమిది తొమ్మిది శాతం తక్కువ సాంద్రత. అంటే గాలి వేగం అంతే ఉన్నా తెరచాప మీద దాని తోపు అంత మేరకు తగ్గుతుంది. తోపు తగ్గినప్పుడు పడవ బరువు ఇంకా ఎక్కువ కనబడుతుంది.

బరువు ఏం చేస్తుందో ఇప్పుడు చూద్దాం. లేజర్‌ను 1970 ప్రాంతంలో కెనడాకు చెందిన బ్రూస్ కర్బీ గీశాడు, 1971లో మార్కెట్లోకి వచ్చింది, 1996 నుంచి ఒలింపిక్స్‌లో ఉంది. ఇప్పుడు దాన్ని ఐఎల్‌సీఏ అంటున్నారు. పొడవు 4.2 మీటర్లు, ఖాళీ హల్ (ఏమీ బిగించని ఒట్టి పడవ ఒళ్లు) బరువు 59 కిలోలు. మాస్టు (తెరచాప స్తంభం), బూమ్ (తెరచాప కింది అడ్డకర్ర), తెరచాప, చుక్కాని, డాగర్‌బోర్డు (పడవ పక్కకు జారకుండా అడుగున దించే పలక) అన్నీ కలిపితే సుమారు 80. దాని మీద 70 కిలోల మనిషి కూర్చుంటే 150. ఈ మొత్తంలో పది కిలోలు పెరిగితే దాదాపు ఏడు శాతం పెరిగినట్టు.

గాలి తక్కువగా ఉన్నప్పుడు పడవను వెనక్కు లాగేది ముఖ్యంగా నీటి రాపిడి. బరువు పెరిగితే పడవ కొంచెం లోతుకు దిగుతుంది, నీళ్లను తాకే ఒళ్లు పెరుగుతుంది. అయితే ఆ వైశాల్యం బరువుతో సమానంగా పెరగదు, సుమారు సగం మేరకే పెరుగుతుంది. ఏడు శాతం బరువుకు మూడున్నర శాతం వైశాల్యం. వేగంలో నష్టం అందులో మళ్లీ సగం, రెండు శాతం లోపే. గంట సేపు నడిపితే ఒక నిమిషం పైచిలుకు తేడా వస్తుంది. పోటీలో అది చాలా దూరం. సరదాగా తిరిగేవాళ్లకు అది లెక్కలోకే రాదు.

ఇంతకన్నా పెద్ద దెబ్బ వేగం అందుకోవడంలో పడుతుంది. పదిహేను సెకన్ల విసురులో తేలిక పడవ లేచి ముందుకు దూకేస్తుంది. బరువు పడవ కదిలి వేగం పుంజుకునేలోపు విసురు అయిపోతుంది. మన చెరువులు, రిజర్వాయర్ల మీద తేలిక పడవకు ఇంత విలువ ఉన్నది ఇందుకే.

దీన్ని ఒకసారి పద్ధతిగా పరీక్షించి చూశాం. హైదరాబాద్ నుంచి ఒక మిత్రుడు తన లేజర్‌ను ట్రాలీ మీద తెచ్చాడు. రెండు హల్‌ల బరువూ ఇంచుమించు ఒకటే. మినరల్ వాటర్ క్యాన్ ఒకదాన్ని, అంటే 20 కిలోలు, డాగర్‌బోర్డు పక్కన గట్టిగా కట్టాం. కాసేపు నా పడవలో, కాసేపు అతని పడవలో. నెమ్మది గాలిలో క్యాన్ ఉన్న పడవ ప్రతి టాక్ (గాలికి ఎదురుగా తిప్పే మలుపు) తర్వాతా కొంచెం కొంచెం వెనకబడింది. తిన్నగా పోతున్నప్పుడు తేడా చిన్నది, తిరిగి వేగం పుంజుకునేటప్పుడే దూరం పెరిగింది. ఓ మోస్తరు గాలికి ఎదురెక్కుతున్నప్పుడు మాత్రం రెండూ పక్కపక్కనే వచ్చాయి. చిన్న అలలు తగులుతున్నప్పుడు బరువు పడవే ఇంకొంచెం నిలకడగా నీటిని కోసుకుంటూ వచ్చిందని కూడా చెప్పాలి. తేలిక పడవ ముక్కుకు అల తగిలితే ఆగుతుంది, బరువు పడవ తన ఊపులో దాటేస్తుంది.

గాలి పెరిగాక కథ మారింది. ఏ పడవైనా నీళ్లను చీల్చుకుంటూ పోయినంత సేపు తన పొడవుకు తగిన ఒక హద్దు దగ్గర ఆగిపోతుంది. నీటిలో ఆనే పొడవును మీటర్లలో తీసుకుని, దాని వర్గమూలాన్ని 2.43తో గుణిస్తే ఆ హద్దు నాట్లలో, అంటే పడవల వేగం కొలిచే లెక్కలో, వస్తుంది. లేజర్‌కు ఆ పొడవు 3.8 మీటర్లు, కాబట్టి హద్దు 4.7 నాట్లు, గంటకు సుమారు 8.8 కిలోమీటర్లు. దాన్ని దాటాలంటే పడవ తను లేపిన అల మీదికి ఎక్కి నీటి పైన జారాలి. దాన్ని ప్లేనింగ్ అంటారు. అక్కడ బరువే అసలు మాట. క్యాన్ లేని పడవ జారడం మొదలుపెట్టిన విసురులోనే క్యాన్ ఉన్నది ఇంకా నీళ్లు తోసుకుంటూ ఉండిపోయింది. ఇంకా గట్టి విసురు వస్తే తప్ప లేవలేదు. ఒక్కసారి లేచాక రెండింటికీ పెద్ద తేడా లేదు.

తర్వాత అదే క్యాన్‌ను ముక్కు దగ్గరికి జరిపాం. అదే 20 కిలోలే, కానీ పడవ స్వభావమే మారిపోయింది. ప్రతి అలకూ ముక్కు దిగడం, లేవడం, మళ్లీ దిగడం. చివరల్లో ఉన్న బరువు ఊగుడును పెంచుతుంది, ఊగిన ప్రతిసారీ తెరచాపలో గాలి చెదురుతుంది. ఫిన్ అనే పడవ తరగతిలో ఇందుకే హల్‌ను తూచి వదిలేయరు, వేలాడదీసి ఊపి ఎంత సేపట్లో ఊగుతుందో కొలుస్తారు. దాన్ని లాంబోలీ పరీక్ష అంటారు. రెండు పడవలు ఒకే బరువు తూగినా ఒకదాని బరువు మధ్యలో, ఇంకొకదానిది చివరల్లో ఉంటే అవి ఒకలా నడవవని దాని అర్థం. ఎత్తులో ఉన్న బరువు ఇంకా చేటు. రామప్ప గుడి కట్టిన కాకతీయుల నాటి శిల్పులు శిఖరానికి నీళ్ల మీద తేలేంత తేలిక ఇటుక వాడి కింది భారం తగ్గించారు. మాస్టు విషయంలో నేను కోరుకునేదీ అదే.

ఇక నా పడవల్లోకి వస్తాను. ఫైబర్ లేజర్‌ను సెకండ్ హ్యాండ్‌లో తీసుకున్నాను. పత్తి బస్తాలు తూచే వేలాడే కాంటాకు బెల్టులతో తగిలించి తూస్తే 67 కిలోలు వచ్చింది. ఎనిమిది కిలోలు ఎక్కువ. దాన్ని ఒడ్డుకు మోయడానికి చెయ్యేసిన జాలరి అన్న అప్పటికే చెప్పాడు: "సారూ, గీ పడవ నీళ్లు తాగింది. జర మోసి సూడుండ్రి, ఎంత బరువున్నదో." వాళ్లకు ఇది పుస్తకాల్లో చదవక్కర్లేని విషయం. "మా థర్మాకోల్ తెప్పలు గూడ గంతే. కొత్తల ఒక్కడే లేపుతడు. రెండేండ్లయినంక ఇద్దరు కావాలె" అన్నాడు.

లేజర్ పై భాగం, అంటే డెక్, రెండు పలుచని ఫైబర్ పొరల మధ్య నురగ పెట్టి చేసినది. తేలికగా, గట్టిగా ఉండడానికి అదే రహస్యం. కానీ మాస్టు దిగే చోట, స్క్రూలు బిగించిన చోట సందు వస్తే నీళ్లు ఆ నురగలోకి దారి చేసుకుంటాయి. ఒకసారి చేరితే తమంతట తాము బయటికి రావు. బరువు పెరగడం ఒక నష్టమైతే, పొర నురగ నుంచి విడిపోయి అరికాలి కింద మెత్తగా కుంగడం రెండోది. మూతలు తీసి, లోపలికి టేబుల్ ఫ్యాను గాలి కొట్టిస్తూ మే నెల అంతా షెడ్డులో ఆరబెట్టాను. మన ఎండ పడవలకు చేసే మేలు ఏదైనా ఉంటే అదొక్కటే. నెల తర్వాత 61కి దిగింది. అప్పుడు ప్రతి స్క్రూ విప్పి, సీలెంట్ పెట్టి మళ్లీ బిగించాను. ఆ తర్వాత ప్రతి వానాకాలం అయిపోగానే తూస్తున్నాను. ఒకటీ ఒకటిన్నర కిలోల లోపే అటూ ఇటూ అవుతోంది.

ఇదంతా మంచినీళ్లలో నడిపేవాళ్లు ఇంకా జాగ్రత్తగా చూసుకోవాల్సిన పని. ఉప్పునీరే పడవను పాడుచేస్తుందని అందరూ అనుకుంటారు. ఫైబర్ విషయంలో మంచినీరే ఎక్కువ చొరబడుతుంది. పాలిస్టర్ రెసిన్‌లోకి మెల్లగా తేమ దిగి, లోపల కరిగే పదార్థాలతో కలిసి చిక్కటి ద్రవం తయారవుతుంది. బయట ఉన్న పలచటి మంచినీరు ఆస్మాసిస్ వల్ల దాని వైపు ఇంకా లాగబడి, జెల్‌కోట్ అనే బయటి నున్నటి పూత కింద బొబ్బలు లేస్తాయి. అందుకే పడవను రోజుల తరబడి నీళ్లలో వదలను. నడిపిన రోజే ఒడ్డెక్కించి, బిరడా తీసి, బోర్లించి ఆరనిస్తాను.

ఫైబర్‌కున్న గొప్ప సుగుణం రిపేరు. పడవల షాపు అక్కర్లేదు, ఫైబర్ నీళ్ల తొట్లు, షెడ్ల రేకులు చేసేవాళ్ల దగ్గర రెసిన్, ఫైబర్ మ్యాట్, రెసిన్‌ను గడ్డకట్టించే హార్డెనర్ దొరుకుతాయి. ఎండాకాలంలో మాత్రం హార్డెనర్ ఒక శాతం దగ్గరే ఉంచి, పొద్దున ఆరింటికే పని ముగించాలి. లేకపోతే బ్రష్ తీసేలోపే గిన్నెలో గడ్డకడుతుంది. అతుకు వేసే ముందు పాత పొరను బాగా అరగదీయడం కూడా ముఖ్యం. మీద మీద పొరలు వేసుకుంటూ పోతే, ముఖ్యంగా ముక్కు దగ్గర, ఆ నీళ్ల క్యాన్ కథే మళ్లీ మొదలవుతుంది.

ప్లైవుడ్ మిర్రర్ నాకు అన్నిటికన్నా ఇష్టమైన పడవ. 1962లో జాక్ హోల్ట్, బ్యారీ బక్నెల్ కలిసి ఇంగ్లండులో దీన్ని రూపొందించారు. ఇంట్లో ఎవరైనా చేసుకోగలగాలన్నది వాళ్ల ఉద్దేశం. ప్లైవుడ్ పలకలను రాగి తీగతో కుట్టి, ఆ కుట్ల మీద ఫైబర్ పట్టీ రెసిన్‌తో అంటిస్తారు. మా వడ్రంగి తలుపులు, మంచాలు చేసే మనిషి, పడవను ఎన్నడూ చేయలేదు. అయినా నమూనా కాగితం మీద గీత చూసి ఒక్క మిల్లీమీటరు తప్పకుండా కోశాడు.

మిర్రర్ హల్ 45.5 కిలోలు ఉండాలి. మాది 57 తూగింది. కారణం కర్ర. విదేశాల్లో ఈ పడవలకు ఒకూమే అనే చాలా తేలిక చెట్టు ప్లైవుడ్ వాడతారు. మన దగ్గర ఐఎస్ 710 ముద్ర ఉన్న మెరైన్ ప్లైలో ఎక్కువగా గర్జన్ లాంటి గట్టి కర్ర ఉంటుంది. నీళ్లకు బాగా ఆగుతుంది, బరువు కూడా అంతే. దానికి తోడు 5 మిల్లీమీటర్ల చోట 6 మిల్లీమీటర్లు పడింది.

అయినా నాకు ఫిర్యాదు లేదు, ఎందుకంటే ఈ పడవ అడుగు ఇంచు కూడా వంగదు. పలక గట్టిదనం దాని మందం ఘనం మేరకు పెరుగుతుంది. ట్రాక్టర్ ట్రాలీలు చేసే వెల్డర్ ఒకతను నాకు ఇనుప రేకుతో పడవ చేసి ఇస్తానన్నాడు. అతనికి ఈ లెక్కే చెప్పాను. చదరపు మీటరుకు ఒక మిల్లీమీటరు ఇనుప రేకు, పన్నెండు మిల్లీమీటర్ల ప్లైవుడ్ దాదాపు ఒకే బరువు, ఎనిమిది కిలోల దగ్గర. కానీ వంపుకు ఎదురు నిలవడంలో ఆ ప్లైవుడ్ రేకు కన్నా పదుల రెట్లు గట్టిది. రేకు వంగకుండా ఉండాలంటే మందం పెంచాలి, 3 మిల్లీమీటర్లయితే చదరపు మీటరుకు 23 కిలోలు దాటుతుంది. పెద్ద సముద్రపు పడవలకు ఇనుము సరిపోతుంది, నాలుగు మీటర్ల పడవకు కాదు. కార్బన్ ఫైబర్ అన్నిటికన్నా మేలే, మా అందుబాటులో లేదు కాబట్టి దాని గురించి మాట్లాడను.

కర్రకు శత్రువులు రెండు: లోపల నిలిచిన వాన నీరు, చెదలు. సముద్రపు ఉప్పు కర్రను కొంతవరకు కుళ్లకుండా కాపాడుతుంది, మన వాన నీళ్లకు ఆ గుణం లేదు. అన్ని వైపులా, ముఖ్యంగా కోసిన అంచుల మీద, ఎపాక్సీ మూడు పూతలు వేయించాను. నేల మీద పెట్టను, ఇనుప స్టాండు మీదే ఉంచుతాను, స్టాండు కాళ్లకు చెదల మట్టి దారి కనిపిస్తే ఆ రోజే గీకేస్తాను. ఇన్నేళ్ల తర్వాత అది 58 తూగుతోంది. కొత్తలో 57. ఫైబర్ లేజర్‌తో పోలిస్తే తన బరువును బాగా నిలబెట్టుకున్నది ఇదే.

ప్లాస్టిక్ పడవ విషయంలో చాలామందికి ఒక అయోమయం ఉంటుంది. పాలిథిలిన్ నీటికన్నా తేలిక కదా, మరి పడవ ఎందుకింత బరువు? ఎందుకంటే అది మెత్తన. మామూలు ఫైబర్ పొరతో పోలిస్తే దాని గట్టిదనం ఏడెనిమిదో వంతు కూడా ఉండదు. ఆకారం నిలబడాలంటే మందంగా పోయాలి, మధ్యలో నురగ పొర పెట్టాలి. లేజర్ కన్నా పొట్టిగా ఉండే మా ప్లాస్టిక్ పడవ హల్ 84 కిలోలు. ఇది నీళ్లు తాగదు, ఆ మాట నిజం. బరువు కొన్న రోజు ఎంతో ఇవాళా అంతే.

మారింది ఆకారం. ట్రాలీకి రెండు సన్నని ఆనింపులున్నాయి. ఏప్రిల్, మే నెలల్లో రేకుల షెడ్డు కింద ఆ వేడికి పడవ తన బరువుకు తానే కుంగి, అడుగున రెండు గుంటలు పడ్డాయి. అమ్మినవాళ్లు ఈ వేడి గురించి ఒక్క ముక్క చెప్పలేదు, ట్రాలీ కూడా వాళ్లిచ్చిందే. గుంటలు పడిన చోట నీటి ప్రవాహం విరుగుతుంది. గాలి బాగా ఉన్న రోజు పడవ జారాల్సిన సమయానికి అడుగు దడదడలాడుతూ లోపలికి బయటికి కొట్టుకుంటుంది, కాలికి తెలుస్తుంది. గాలి పెట్టిన శక్తిలో కొంత పడవను నడపకుండా ప్లాస్టిక్‌ను వంచడానికే పోతోందన్నమాట. గుంటలను ఎండలో బోర్లించి వేడి చేస్తే కొంత మేరకు పైకొచ్చాయి, పూర్తిగా పోలేదు. ఇప్పుడు వెడల్పాటి బెల్టుల మీద వేలాడదీస్తున్నాను, కొత్త గుంటలు పడలేదు.

దీనికి జిగురు అంటదు, రంగు నిలవదు. చీలితే వేడి గాలితో ప్లాస్టిక్ కడ్డీ కరిగించి అతకాలి. రాళ్లకు రాసుకున్న చోట లేచే బూరును బ్లేడుతో గీకి తీసేయాలి, లేకపోతే నెమ్మది గాలిలో అదీ లాగుతుంది.

మరి ఎందుకు ఉంచుకున్నాను? ఎండాకాలం నీటిమట్టం దిగితే మానేరులో రాళ్లు, పాత మొద్దులు బయటపడతాయి, కట్టకు పేర్చిన రాయి ఎప్పుడూ ఉండనే ఉంటుంది. నేర్చుకునే పిల్లలు వాటికి తగిలించకుండా ఉండరు. ఆ దెబ్బలకు ఫైబర్ పెచ్చులూడుతుంది, ప్లైవుడ్‌కు చిల్లు పడుతుంది, ప్లాస్టిక్‌కు గీత పడుతుంది. పైగా బరువు వల్ల అది ఉలిక్కిపడదు, గాలి విసురుకు ఒక్కసారిగా ఒరగదు. మొదటి నెలల్లో పిల్లలకు కావాల్సింది అదే. లైఫ్ జాకెట్, నీటిపారుదల వాళ్ల అనుమతి ఏ పడవకైనా తప్పవు. ఇద్దరు ముగ్గురు బాగా నేర్చుకున్నాక లేజర్ ఎక్కించాను. పడవ అంత చురుగ్గా కదలడం చూసి వాళ్లకు నోట మాట రాలేదు.

మీరు కొనేటట్టయితే ఇలా చేయండి. కొత్తదైనా పాతదైనా కాంటా పట్టుకెళ్లి మీ కళ్ల ముందే తూయించండి. ఫైబర్ అయితే డెక్ మీద అరచేత్తో నొక్కి చూడండి, నాణెంతో తట్టి చూడండి. మోగే చోట సరే, మొద్దుగా వినిపించే చోట లోపల పొర విడిపోయింది. ఆ రకం పడవకు ఉండాల్సిన బరువు కన్నా నాలుగైదు కిలోలు ఎక్కువుంటే ఆరబెట్టవచ్చు, పది దాటితే వదిలేయండి. ప్లాస్టిక్ అయితే సాయంత్రం వాలు ఎండలో బోర్లించి అడుగున చూపు సాగదీయండి, అలలు అలలుగా కనిపిస్తే ధర తగ్గించమనండి. ప్లైవుడ్ అయితే బిరడా చుట్టూ, డాగర్‌బోర్డు గూడు చుట్టూ స్క్రూడ్రైవర్ మొనతో పొడవండి. దిగితే కర్ర కుళ్లింది.

నేను మళ్లీ ఒకటి చేయించుకుంటే ప్లైవుడ్‌తోనే. ఈసారి ఒకూమే ప్లై తెప్పించాలి. ఖర్చు ఎక్కువే, పది కిలోల దాకా తగ్గుతుంది. వడ్రంగితో మాట కూడా అయిపోయింది, దసరా దాటాక మొదలుపెడతానన్నాడు.